క్యాంపస్ వైఫై: యాక్సెస్ పాయింట్లు (ఏపీలు) మారిస్తే సరిపోతుందా, స్విచ్‌లు కూడా మార్చాలా?

ప్రశ్న:
మా యూనివర్సిటీ నెట్‌వర్క్ చూసుకునే ముగ్గురిలో నేనొకణ్ణి. వైఫై సిగ్నల్ ఇచ్చే పాత వైఫై 5 యాక్సెస్ పాయింట్లు (ఏపీలు) తీసేసి, 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా వాడే వైఫై 6ఈ పెట్టుకోమన్నారు. వచ్చిన డబ్బు ఏపీలకే సరిపోతుంది. ఏపీల కేబుళ్లు వచ్చి కలిసే స్విచ్‌లు పాతవే, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) 802.3ఏఎఫ్ రకం. నిన్న రాత్రి పదకొండున్నరకి హాస్టల్ మూడో అంతస్తుకి వెళ్లాను. చివరి గదిలో ఫోన్‌కి సిగ్నల్ నిండుగా ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అసైన్‌మెంట్ గడువు పన్నెండింటికట, గదిలో అప్‌లోడ్ అవట్లేదట. ఆ పిల్లాడు అలా కూర్చోవాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది. కొత్త ఏపీలతో ఇది తీరుతుందా?

జవాబు 1:
ఆర్డర్ పెట్టకండి సార్, కాస్త ఆగండి. మేం అలాగే తొందరపడి దెబ్బతిన్నాం. ఏఎఫ్ పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, కేబుల్‌లో పోయేది పోగా ఏపీకి ఖాయంగా అందేది 12.95. మూడు రేడియోలున్న (2.4, 5, 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకు ఒక్కోటి) 6ఈ ఏపీలు చాలావరకు 802.3ఏటీ, అంటే 30 వాట్ల పోర్టు అడుగుతాయి. పవర్ చాలకపోతే ఏపీ ఆగిపోదు, అదే చిక్కు. రేడియోల్లో కొన్నిటిని తగ్గించుకునో ఆపేసుకునో నడుస్తుంది. డాష్‌బోర్డులో అన్నీ పచ్చగానే కనిపించాయి, పిల్లలు మాత్రం తిడుతూనే ఉన్నారు. స్విచ్‌లో ఒక్కో పోర్టు పవర్ చూసేదాకా మాకు విషయం అంతుపట్టలేదు.

ఇక మీ మూడో అంతస్తు. సిగ్నల్ ఉండి పేజీ రాలేదంటే నాకు ముందు అనుమానం చానల్ రద్దీ మీదే. ఒక చానల్‌లో ఒకసారి ఒకరే మాట్లాడాలి. కారిడార్‌లో వరసగా ఏపీలు బిగిస్తే అడ్డుగోడ లేక ఒకదాని మాట ఇంకోదానికి వినిపిస్తుంది, తన వంతు కోసం ఆగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 అంతే. 5 గిగాహెర్ట్జ్‌లో చానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ పెట్టి ఉంటే ఈ రాత్రే 20కి దించండి, విడివిడి చానళ్లు ఎక్కువ దొరుకుతాయి. పైసా ఖర్చు లేదు. కొత్తవి వచ్చాక ఏపీలను కారిడార్‌లో కాకుండా గదుల్లో పెట్టండి.

జవాబు 2:
కేబుల్ గురించి భయపడకండి, క్యాట్5ఈ మంచి స్థితిలో ఉంటే 100 మీటర్ల దాకా 2.5 గిగాబిట్ నడుస్తుంది. పరికరాలకు ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ కూడా చూడండి. /24 సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో ఒక భాగం) పరికరాలకు ఇవ్వగలిగేవి 254 అడ్రసులే. ఫోన్లు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరం గుర్తింపు సంఖ్య) మార్చుకుంటుంటే, లీజు (ఒక అడ్రస్ ఒకరి పేరున ఉంచే గడువు) రోజుల తరబడి ఉంటే, అవి ఇట్టే అయిపోతాయి. ఇంకోటి, 6 గిగాహెర్ట్జ్ పట్టే ఫోన్లు పిల్లల దగ్గర ఎన్ని ఉన్నాయో ముందు లెక్క తీయండి.

అడిగినవారు:
మా దగ్గర వెడల్పు 80లోనే ఉంది! రాత్రి ఆ అంతస్తు వరకు 20 చేశాను. పదకొండింటికి అదే చివరి గదిలో నిలబడి ఒక పెద్ద ఫైలు పంపి చూశాను, వెళ్లింది. ఏపీల సంఖ్య తగ్గించి, హాస్టళ్లకు ముందు ఏటీ స్విచ్‌లు కావాలని రేపే ఫైలు పెడుతున్నాను. క్లాస్‌రూమ్‌లు తర్వాత చూసుకుంటాం.