'వసంతపు పోటు' అనవచ్చా? వేళ, పోటు, అదను మాటల మీద చర్చ

చిత్తుప్రతి:
అందరికీ నమస్కారం. ఒడ్డుకు దగ్గరగా ఉప్పునీటిలో గాలం వేసేవాళ్ళ కోసం రాసిన ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఎప్పుడు వెళ్తే చేప పడుతుందన్నది విషయం. నాకు చేపలు తినడమే తెలుసు, పట్టడం రాదు. మొదటి పేజీలోనే బోల్తా పడ్డాను. 'స్ప్రింగ్ టైడ్' కనబడగానే 'వసంతకాలపు పోటు' అని రాసేశాను. రెండు వాక్యాల తర్వాత అది నెలకు రెండుసార్లు వస్తుందని ఉంది. నెలకు రెండు వసంతాలేమిటా అని అప్పుడు అనుమానం వచ్చింది.

దీనికి తెలుగులో మాట ఏమిటి? ఇంకోటి, అడగడానికి సిగ్గుగా ఉంది: ఆటుపోట్లలో ఏది ఎక్కడం, ఏది దిగడం? మార్కెట్ ఆటుపోట్లు, జీవితంలో ఆటుపోట్లు అని వందసార్లు రాసి ఉంటాను. పోటు అంటే 'పోవడం' కాబోలు, నీళ్ళు వెనక్కి పోవడం అనుకున్నాను.

నిఘంటుప్రియ:
సిగ్గెందుకండీ, సగం మంది అలాగే అనుకుంటారు. పోటు అంటే నీరు ఎక్కడం, ఆటు అంటే దిగడం. పోటుకీ పోవడానికీ చుట్టరికం లేదు. పడు నుంచి పాటు, చెడు నుంచి చేటు వచ్చినట్టే పొడుచు నుంచి పోటు వచ్చింది. వెన్నుపోటు, సూదిపోటు అన్నీ ఆ ఇంటివే. పొడవడం అంటే గుచ్చడమే కాదు, పైకి రావడం కూడా. పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది అంటాం కదా. సముద్రం పోటు మీద ఉందంటే నాకు ఆ పొద్దుపొడుపే గుర్తొస్తుంది.

'స్ప్రింగ్' సంగతి. ఆ మాటకు ఇక్కడ ఋతువుతో పనిలేదు, ఎగిసి లేవడం అన్న అర్థంలో వచ్చింది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో 'పర్వవేలా తరంగాలు', 'లఘువేలా తరంగాలు' అని చదివే ఉంటారు. పర్వం అంటే అమావాస్య, పున్నమి. ఆ రోజుల్లో సూర్యుడూ చంద్రుడూ భూమీ ఇంచుమించు ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి రెండు ఆకర్షణలూ కలిసి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి నాడు చంద్రుడు సూర్యుడికి లంబంగా ఉంటాడు. ఒకరు లాగేదాన్ని ఇంకొకరు కొంత తగ్గిస్తారు. అది లఘువేల. కారణం మాటలోనే ఉంది చూడండి. ఈ ఒక్కచోట ఇంగ్లీషు మాట కంటే మనదే మేలు. కానీ 'తరంగాలు' మాత్రం తీసేయండి, చదివేవాడికి అలలు కళ్ళ ముందుకొస్తాయి. 'పర్వపు పోటు' చాలు.

ఒడ్డున కూర్చున్నవాడు:
తరంగం తప్పేమీ కాదండీ. శాస్త్రం ప్రకారం పోటు నిజంగానే తరంగమే, వేల కిలోమీటర్ల పొడవున్న అల. కాకపోతే గాలం వేసేవాడికి ఆ సంగతి అక్కర్లేదు, ఒప్పుకుంటాను.

అసలు తమాషా 'వేల' అన్న మాటలో ఉంది. సంస్కృతంలో వేలా అంటే సముద్రపు హద్దు, ఒడ్డు, పోటు, ఇంకా సమయం. మన పాత తెలుగులో ఆ హద్దుకు చెలియలికట్ట అని చక్కటి పేరుంది. సమయమన్న అర్థమే వేళ అయి మన నోళ్ళలో నిలిచిపోయింది. భోజనవేళ, సాయంవేళ, వేళాపాళా. ఇంగ్లీషు 'టైడ్' కూడా పూర్వం కాలమన్న అర్థంలోనే ఉండేది. జర్మన్‌లో కాలం 'త్సైట్', ఆటుపోట్లు 'గెత్సైటెన్'. ఒకదానికొకటి దూరంగా ఉన్న భాషల్లో నీళ్ళూ కాలమూ ఒకే మాటలో కలిశాయి. ఒడ్డున బతికినవాళ్ళకు గడియారం సముద్రమే మరి.

చిత్తుప్రతి:
వేళాకోళం కూడా ఇందులోదేనా 🙂

ఒడ్డున కూర్చున్నవాడు:
దాన్ని ఇందులోకి లాగకండి, దండం పెడతాను.

గాలం:
మాటల సంగతి పెద్దలు చూసుకుంటున్నారు. నేను గాలం వేసేవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. మీ వ్యాసంలో 'ఉత్తమ సమయం' అని ఉందనుకుంటా. అలా రాస్తే చదివేవాడు ఉదయం 5 గంటలా, 6 గంటలా అని అడుగుతాడు. చేపకు గడియారం లేదు, నీటి కదలిక ఉంది. నీరు కదిలితే చిన్న చేపలూ రొయ్యలూ దానితో కొట్టుకొస్తాయి. పెద్ద చేప ఒక రాతి చాటునో, లోతు మారే అంచునో ప్రవాహానికి ఎదురుగా నిలబడి నోటి దగ్గరికి వచ్చినదాన్ని అందుకుంటుంది. నీరు ఆగిందా, దాని భోజనమూ ఆగినట్టే. అందుకే పోటు పూర్తిగా ఎక్కి నిలిచినప్పుడు, ఆటు పూర్తిగా దిగి నిలిచినప్పుడు మేం గాలం పక్కన పెట్టి టీ తాగుతాం.

నీరు ఒకే వేగంతో ఎక్కదు, దిగదు. ఎక్కడానికి ఆరు గంటలనుకోండి. మొత్తం ఎత్తును పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. అంటే సగం నీరు మధ్య రెండు గంటల్లోనే కదులుతుంది. రోజులో రెండు గంటలే ఖాళీ ఉన్నవాడు ఆ రెండు గంటలు పట్టుకోవాలి. ఇది ఉజ్జాయింపు లెక్కే. కొన్ని సముద్రాల్లో రోజుకు ఒక్క పోటే వస్తుంది, అక్కడ ఇది అతకదు.

పోటుకీ ఆటుకీ చోటు మారుతుంది. పోటు ఎక్కేటప్పుడు చేప నీటితోపాటే మెరక మీదికి, గడ్డిలోకి, మడచెట్ల వేళ్ళ సందుల్లోకి మేతకు వస్తుంది. ఆటు పట్టాక ఆ నీరంతా ఉప్పుటేరు మొగ గుండా బయటికి పోవాలి, చిన్న చేపలకూ అదే దారి. పండుగప్ప లాంటివి మొగ దగ్గర కాచుకుని ఉంటాయి. నన్నడిగితే ఆటు సగం దిగిన వేళ మొగ దగ్గర నిలబడటాన్ని మించింది లేదు. పోటు మీద పట్టేవాళ్ళు ఒప్పుకోరనుకోండి.

నిఘంటుప్రియ:
'మొగ' మాట బాగుంది, వ్యాసంలో తప్పకుండా వాడండి. ముఖద్వారం అని రెండక్షరాలు ఎక్కువ రాయడం దేనికి?

చిత్తుప్రతి:
నీరు నిలిచే ఆ కాసేపటికి నేను 'నిలవ నీరు' అని రాశాను.

నిఘంటుప్రియ:
అయ్యో, దోమలు గుర్తొస్తాయి. 'నీటి నిలకడ' అనండి.

ఒడ్డున కూర్చున్నవాడు:
గాలం గారి లెక్కకు ఇంకోటి కలుపుతాను. పోటు నుంచి పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి ఇవాళ్టి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. దీన్ని తిథుల్లో చూస్తే ఇంకా శుభ్రంగా ఉంటుంది. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. ఆ 12 డిగ్రీలకు అయ్యే ఆలస్యం 48 నిమిషాలు. ఘడియ అంటే 24 నిమిషాలు. అంటే తిథికి రెండు ఘడియలు! పున్నమి నాడు ఒక రేవులో పోటు ఎన్నింటికి నిండుతుందో గుర్తుంటే, అక్కడ తదియ నాటిది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏ పున్నమికైనా, ఏ అమావాస్యకైనా అదే చోట పోటు ఇంచుమించు అదే గంటకు నిండుతుంది.

గాలం:
ఇంచుమించు అన్న మాట గట్టిగా పట్టుకోండి మాస్టారూ. ఒడ్డు వైపుకు గట్టిగా గాలి వీస్తే నీరు ఎక్కువసేపు నిలబడిపోతుంది, ఒడ్డు నుంచి వీస్తే ముందే ఖాళీ అవుతుంది. గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. ఆటుపోట్ల పట్టికలో ఉండే వేళ ఫలానా రేవుది. ఉప్పుటేరులో నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్తే అక్కడ పోటు ఆలస్యం. బయట పోటు నిండాక కూడా మొగలో నీరు కాసేపు లోపలికే పారుతూ ఉండొచ్చు. కొత్తలో నేను పట్టిక నమ్ముకుని వెళ్ళి గంటన్నర ఖాళీగా కూర్చున్నాను. నా పక్కనున్న పెద్దాయన మాత్రం నీటి మీద కొట్టుకుపోయే ఆకు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆకు తిరగగానే గాలం వేశాడు.

చిత్తుప్రతి:
అయితే పర్వపు పోటు రోజులే మంచివని రాయనా? అష్టమి ఎలాగూ మంచిది కాదంటారు.

గాలం:
అలా తేల్చేయకండి. అసలు పెద్ద పోటు చాలాచోట్ల పున్నమి, అమావాస్యలు వెళ్ళాక ఒకటి రెండు రోజులకు వస్తుంది. ఆ రోజుల్లో ప్రవాహం జోరుగా ఉండి బురద లేస్తుంది, ఎర అడుగున నిలవదు, చేపకు కనబడదు. ఆటుపోట్ల తేడా పెద్దగా ఉండే చోట నాకు అష్టమికి అటూ ఇటూ రోజులే ఇష్టం. నీరు తేటగా, చెప్పిన మాట వింటున్నట్టు ఉంటుంది. తేడా మరీ తక్కువగా ఉండే చోట పర్వం దాకా ఆగాల్సిందే.

వెలుగు సంగతి వేరే ఉంది. తెల్లవారుజామున, మునిమాపున మసక వెలుతురులో వేట చేప ధైర్యంగా మెరకకు వస్తుంది. వేసవి మధ్యాహ్నం వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ, చేప లోతుకు పోతుంది. చలికాలంలో తిరగబడుతుంది: పొద్దున్నే వెళ్తే చలి తప్ప ఏమీ రాదు, ఎండ పడి బురద నేల వెచ్చబడ్డాక మధ్యాహ్నం దాటితేనే మెదులుతాయి.

నిఘంటుప్రియ:
ఇన్ని కలిస్తే వచ్చేదానికి తెలుగులో సిద్ధంగా మాట ఉంది: అదను. వేళ సముద్రానిది. ఆ వేళకు వెలుగూ గాలీ కుదిరితే అది అదను. రైతు అదను పదను అంటాడు కదా, విత్తనానికి కాలం ఒక్కటే చాలదు, నేలలో తడి కూడా ఉండాలి. ఇదీ అంతే. 'ఉత్తమ సమయం' తీసేసి 'అదను' పెట్టండి.

చిత్తుప్రతి:
సరే, మార్చిన పేరా ఇదీ, చూడండి.

'పోటు నిండినప్పుడు కాదు, నీరు నడుస్తున్నప్పుడు గాలం వేయండి. పోటు ఎక్కేటప్పుడు మెరక అంచుల్లో, ఆటు దిగేటప్పుడు ఉప్పుటేరు మొగల్లో చేప ఉంటుంది. ఆ వేళ మసక వెలుతురులో పడితే మంచి అదను. పర్వపు పోటు రోజుల్లో నీరు జోరుగా ఉంటుంది, లఘుపోటు రోజుల్లో నెమ్మదిగా, తేటగా ఉంటుంది.'

ఒడ్డున కూర్చున్నవాడు:
ఇది తెలుగులా ఉంది.

గాలం:
బాగుంది. ఒక్క వాక్యం కలపండి. ఆటులో ఇసుక దిబ్బ మీదికి నడిచి వెళ్ళినవాడు పోటు మొదలవగానే వెనక్కి రావాలి. మధ్య రెండు గంటల్లో సగం నీరు వస్తుందని చెప్పాను కదా, దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లం ముందు నిండుతుంది.