"వేర్ డు యూ స్టే?" అని అడిగితే తప్పా?

కూకట్‌పల్లి_కుర్రోడు:
ఆఫీస్‌లో కొత్తగా జాయిన్ అయినామెని "వేర్ డు యూ స్టే" అని అడిగా. మా టీమ్ లీడ్ అందుకుని, స్టే అంటే హోటల్లో దిగడం, సొంతిల్లు ఉన్నోళ్లని లివ్ అనే అడగాలి అని అందరి ముందు క్లాస్ పీకిండు. మా బ్యాచ్ మొత్తం ఇట్లనే మాట్లాడతాం కదా, ఏది కరెక్టు?

పాఠాల_పంతులు:
మీ లీడ్ చెప్పిందే కరెక్టు. తిరుమల కాటేజీలో రెండ్రోజులుంటే స్టే, కాపురం పెడితే లివ్. తెలుగులో రెండిటికీ "ఎక్కడుంటారు" అంటాం కాబట్టి ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వచ్చింది. నేనైతే పేపర్లో మార్కు కోస్తా.

గ్లాస్గో_గోంగూర:
మాస్టారూ, ఒక్క నిమిషం. నేనుండేది గ్లాస్గోలో. ఇక్కడ బస్టాప్‌లో పరిచయమైన ముసలావిడ కూడా "వేర్ డు యూ స్టే" అనే అడుగుతుంది, ఆవిడ ఉద్దేశం మీ ఇల్లెక్కడ అనే. స్కాట్లండ్ అంతా ఇదే వాడుక, సౌతాఫ్రికాలో కూడా ఇంతే. మరి వీళ్ళకి తెలుగు ఎవరు నేర్పారంటారు? ఇంగ్లండ్ వాళ్ళు అలా అనరు అనండి ఒప్పుకుంటా, తప్పు అంటే మాత్రం ఒప్పుకోను.

హాస్టల్_పాప:
అసలు కారణం ఎవరూ చెప్పట్లేదు 😀 ఎస్సార్ నగర్‌లో ముగ్గురం అమ్మాయిలం రూమ్ తీసుకుని ఉంటున్నాం, ఇంటికి ఫోన్ చేసి "ఫ్రెండ్‌తో లివింగ్" అని ఒక్కసారి అని చూడండి, మా నాన్న రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగిపోతాడు. పేపర్లు ఆ మాటని సహజీవనానికి ఫిక్స్ చేసేశాయి. అందుకే స్టేయింగ్ అంటాం, సేఫ్.

డల్లాస్_బాబాయ్:
మీరంతా వాడుక గురించి కొట్టుకుంటున్నారు కానీ అసలు తేడా తెలిసేది ఇక్కడ ఎయిర్‌పోర్టులో. విజిటర్ వీసా మీద వచ్చే పెద్దవాళ్ళకి మామూలుగా ఆర్నెల్లు ఇస్తారు, కౌంటర్‌లో ఆఫీసర్ ఎక్కడుంటారు అనడిగితే మనవాళ్ళు "ఐ లివ్ విత్ మై సన్" అనేస్తారు, ఆ మాటకి ఆయన చెవిలో పడే అర్థం ఈయన కాపురమే ఇక్కడ అని, ఇక ప్రశ్న మీద ప్రశ్న. అందుకే మా అమ్మ బయల్దేరేముందు ఫోన్లో "అయామ్ స్టేయింగ్ విత్ మై సన్, ఐ లివ్ ఇన్ తెనాలి" అని బట్టీ పట్టించా. అక్కడ మాత్రం స్కాట్లండ్ కథలు చెప్పకండి గోంగూర గారూ.

కూకట్‌పల్లి_కుర్రోడు:
అంటే ఆఫీస్‌లో ఓకే, ఎయిర్‌పోర్టులో నాట్ ఓకే అంటరా బాబాయ్? ఇంకో స్టే ఉంది కదా, కోర్టుది, అది మా లీడ్ నోటి మీద తెచ్చుకుంటే పోలా 😂

పాఠాల_పంతులు:
నవ్వులకేం గానీ, స్కాట్లండ్ సంగతి సరే, ఒప్పుకుంటున్నా, వినేవాళ్ళకి అర్థమైతే స్టే అనే అనండి. నా గొడవంతా మన పిల్లలు దాన్ని వాడే తీరుతో. "అయామ్ స్టేయింగ్ ఇన్ గుంటూర్ సిన్స్ 2009" అని రాస్తారు. సిన్స్ పెట్టాక "హ్యావ్ బీన్" రావాలి, అక్కడ స్టే తీసి లివ్ పెట్టినా తప్పు తప్పే. ఆ మార్కు మాత్రం ఎవరు చెప్పినా వెయ్యను.