చెనక్కాయ చేన్లో కంబళి పురుగు, వేప కషాయానికి పోతాదా?

ఎర్రనేల_రైతు:
అన్నలకు నమస్తే, మాది కళ్యాణదుర్గం పక్కన, 6 ఎకరాల్లో కదిరి 6 రకం చెనక్కాయ ఏసినా, విత్తి 25 రోజులైంది. వాన పడినాక ఒక వారం రాత్రిపూట లైటు కాడ తెల్ల రెక్కల పురుగులు ముసురుకున్యాయి, మనమేం పట్టించుకోలా. ఇప్పుడు పక్క బీట్లో నుంచి కంబళి పురుగు గుంపులుగుంపులుగా దిగతాంది, గట్టు పక్క మూడు సాళ్లు ఈనెలు తప్ప ఆకు లేదు. షాపాయన మూడు మందులు కలిపి కొట్టమంటాడు, పోయిన తూరి అట్లే కొడితే దుడ్లు పోయినాయి గానీ పురుగు పోలా. పంట పెరికినాక ఎద్దులకు చెనక్కాయ కట్టె మేపాల కదా, అందుకే విషం వద్దనుకుంటాండా. వేప కషాయం కొట్టేదా?

గట్టుమీద_వేపచెట్టు:
పురుగు ఎంతుందో చెప్పు ముందు. వేలంత అయి ఒళ్లంతా ఎర్ర బొచ్చు వచ్చుంటే కషాయం దండగ. అది పిల్ల పురుగులు ఒకే ఆకు మీద గుంపుగా ఉండి ఆకు జల్లెడైనప్పుడు కొట్టాల, 5 కిలోల వేపగింజల పొడికి 100 లీటర్ల నీళ్లు, అదీ సాయంత్రం పూట. ఇప్పుడైతే బీడు వైపు గట్టెమ్మడి జానెడు లోతు కాలవ తీసి జిల్లేడు కొమ్మలు, ఆముదం కొమ్మలు పరుచు. రాత్రికి వాటి కింద చేరతాయి, తెల్లారి ఏరి సబ్బు నీళ్ల బక్కెట్లో ఎయ్. చేతికి గుడ్డ చుట్టుకో సామీ, ఆ బొచ్చు తగిలితే ఒకటే దురద.

రాయదుర్గం_పిల్లోడు:
కాలవ మంచిదే కానీ మాకు వాన పడి గోడ జారిపోయి సగం ఇవతలికి వచ్చేసినాయి, రోజూ చూసుకోవాల. ఇంకోటి, దీపపు ఎర ఒక్కడే పెడితే లాభం లేదు. నేను నీళ్ల తొట్టి పెట్టకుండా ఉత్త బల్బు ఏలాడదీస్తే ఊర్లో రెక్కల పురుగులన్నీ నా చేన్లోకే వచ్చి గుడ్లు పెట్టినాయి 😀 మా నాయనోళ్లు తొలి వాన పడినాక ఊరంతా ఒకే రాత్రి మంటలు ఏసేవాళ్లంట.

గట్టుమీద_వేపచెట్టు:
అది నిజమే. వచ్చే ఏడు ఎండాకాలం దుక్కి మర్చిపోవద్దు, గట్ల కింద, చెట్ల కింద మట్టిలోనే కోశం కట్టుకుని మళ్లా వానల దాకా పండుకుంటాయి. దున్నితే కొంగలు, గోరింకలే ఏరుకుంటాయి. చేను చుట్టూ ఆముదం, నడుమ అలసంద సాళ్లు ఎయ్, గుడ్లు వాటి మీదే కనపడతాయి, ఆకుతో సహా తుంచేయొచ్చు.

ఎర్రనేల_రైతు:
పురుగు వేలంత అయిపోయిందన్నా. కాలవ తీసినాం, ఈ పొద్దు రెండు బక్కెట్లు ఏరినాం, ఆడోళ్లు నన్ను తిట్టుకుంటా ఏరినారు. బీడు ఓనరు బెంగుళూర్లో ఉంటాడు, ఫోన్ చేస్తే నా చేన్లో పంటే లేదు కదప్పా, పురుగు ఎట్లొచ్చె అంటాడు. ఎండాకాలం ఆయన గట్టు నేనే దున్నిస్తే ఏమన్నా అంటాడంటారా?