35 వేలలో 55 అంగుళాల 4కే టీవీ: ఏది తీసుకోవాలో తేలడం లేదు, కాస్త చెప్పండి

శ్రీకాంత్:
అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, ఎటూ తేలడం లేదు. 35 వేల లోపు 55 అంగుళాల 4కే టీవీ కావాలి. ఒకడు క్యూఎల్ఈడీ అంటాడు, ఇంకొకడు డాల్బీ విజన్ అంటాడు, మరొకడు పెద్ద అక్షరాల్లో 120 హెర్ట్జ్ అని రాసి కింద చిన్న అక్షరాల్లో 60 అంటాడు. రివ్యూలు చదివితే సగం మంది అద్భుతం అంటారు, మిగతా సగం మంది ఏడాదికే పోయింది అంటారు. యూట్యూబ్‌లో ఒక్కొక్కరూ ఒక్కో టీవీ చెబుతున్నారు. బుర్ర వేడెక్కిపోయింది. దయచేసి రెండు మోడళ్ళ పేర్లు చెప్పండి చాలు, ఈ రాత్రికే ఆర్డర్ పెట్టేస్తాను. ఆఫర్ రేపటితో అయిపోతుంది.

రఘు:
ఎంత దూరం నుంచి చూస్తారు? ఏ కనెక్షన్?

సాయికిరణ్:
బ్రో, ముందు ఈ క్యూఎల్ఈడీ పిచ్చి వదిలేయండి. చాలామంది అది ఓఎల్ఈడీకి తమ్ముడు అనుకుంటారు, కానే కాదు. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెలూ (తెర మీది చుక్క) తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాలంటే ఆ పిక్సెల్ ఆరిపోతుంది. క్యూఎల్ఈడీ మామూలు ఎల్‌సీడీయే, వెనక ఎల్ఈడీ లైట్లు, మధ్యలో క్వాంటమ్ డాట్ల పొర ఒకటి వేస్తారు, దానివల్ల రంగులు కాస్త నిండుగా వస్తాయి. అంతే. అసలు ఎల్ఈడీ టీవీ అని మనం అనేదంతా కూడా ఎల్‌సీడీయే. మీ బడ్జెట్‌లో ఓఎల్ఈడీ రాదు కాబట్టి ప్యానెల్ వీఏనా ఐపీఎస్సా అన్నది చూడండి, ఎల్‌సీడీ తెరల్లో ఇవి రెండు రకాలు. వీఏలో కాంట్రాస్ట్ ఎక్కువ, చీకటి గదిలో సినిమా బాగుంటుంది. ఐపీఎస్‌లో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది గానీ పక్క నుంచి చూసినా రంగు వెలిసిపోదు. హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ (వెలుగు చీకట్ల తేడాని ఎక్కువ చేసి చూపే పద్ధతులు) అని పెట్టె మీద వేసిన గుర్తులు చూసి మోసపోకండి, ఈ ధరలో చాలా టీవీల తెర వెలుగు 300 నిట్ల (వెలుగు కొలత) దగ్గరే ఆగిపోతుంది, ఆ వెలుగులో హెచ్‌డీఆర్ వచ్చినా తేడా కనిపించదు.

జ్యోతి:
మా ఇంట్లో క్యూఎల్ఈడీ ఉందండి, నలుపు నల్లగానే ఉంటుంది. అందరూ దాన్ని ఎందుకు తిడతారో నాకు అర్థం కాదు.

సాయికిరణ్:
జ్యోతి గారూ, మీది వీఏ ప్యానెల్ అయి ఉంటుంది, నలుపు దాని గుణం. క్వాంటమ్ డాట్‌కీ నలుపుకీ సంబంధం లేదు.

శ్రీకాంత్:
రఘు గారూ, మామూలు హాలే అండి, అందరిళ్ళలో ఉండేలాంటిదే. సాయికిరణ్ గారూ థాంక్స్, కానీ మోడల్ పేరు చెప్పలేదు మీరు.

లక్ష్మీప్రసన్న:
మోడల్ కంటే ముందు మీ పిన్‌కోడ్‌కి సర్వీస్ ఉందో లేదో చూడండి. మేము ఆన్‌లైన్‌లో పెద్ద తెర చవగ్గా వస్తోందని ఒక కంపెనీది తీసుకున్నాం. వారంటీ దాటిన కొద్దిరోజులకే తెర మీద నిలువుగా ఒక గీత, వారం తిరిగేసరికి ఆ గీత పక్కన అరచేయంత వెడల్పున నల్ల పట్టీ. ఫోన్ చేస్తే మీ ఊళ్ళో మనిషి లేడు, మీరే తెచ్చుకోండి అన్నారు. 55 అంగుళాల టీవీని అట్టపెట్టె లేకుండా ఎక్కడికి మోసుకెళ్తాం? చివరికి ప్యానెల్ మార్చాలంటే ఇంకొంచెం వేస్తే కొత్త టీవీయే వస్తుందని తేలింది. అందుకే చెబుతున్నాను, ఎక్స్‌టెండెడ్ వారంటీ ప్యానెల్‌కి కూడా వర్తిస్తుందని కాగితం మీద ఉంటేనే డబ్బు కట్టండి. డెలివరీ అబ్బాయి ఉండగానే పెట్టె విప్పించి, వీడియో తీసుకుంటూ ఆన్ చేయండి, తెర మొత్తం తెలుపు, ఎరుపు, నలుపు రంగులు పెట్టి మూలలు చూడండి. పగులు ఉంటే అప్పుడే బయటపడుతుంది.

రఘు:
ఏ బాక్సు? ఎంత దూరం?

మూర్తి:
నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. ఇక్కడ ఎవరూ మాట్లాడని విషయం ఒకటి చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. ప్యానెల్ అదీ ఇదీ అంటున్నారు గానీ మన ఊళ్ళలో టీవీలు పోయేది కరెంటు వల్ల. టీవీ వెనక లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, అది చూసి స్టెబిలైజర్ అక్కర్లేదంటారు. లో వోల్టేజీకి నిజంగానే అక్కర్లేదు, లోపల ఉండే పవర్ సప్లై దాన్ని సర్దుకుంటుంది. అసలు ప్రమాదం హై వోల్టేజీ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గానీ స్తంభం మీద గానీ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగిందంటే ఇంట్లోకి 230 రావలసిన చోట 300, 350 కూడా వస్తుంది. ఫేజుకీ ఫేజుకీ (కరెంటు తెచ్చే తీగలు) మధ్య 400 ఉంటుందని మరచిపోకండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే బోర్డులోని స్విచ్) దాన్ని ఆపదు, అది ఆంపియర్లు చూస్తుంది గానీ వోల్టులు చూడదు. కాబట్టి హై కట్ ఆఫ్ (వోల్టేజీ మరీ పెరిగితే కరెంటు ఆపేసే ఏర్పాటు) ఉన్న స్టెబిలైజర్ తప్పనిసరిగా పెట్టండి. మూడు పిన్నుల సాకెట్ ఉంటే సరిపోదు, ఎర్త్ వైరు నిజంగా భూమిలోకి వెళ్ళిందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

సాయికిరణ్:
సర్, ఇప్పుడు ఎవరూ స్టెబిలైజర్ పెట్టడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కరికీ లేదు. మంచి స్పైక్ గార్డ్ చాలు.

మూర్తి:
బాబూ, స్పైక్ గార్డ్ రెప్పపాటులో వచ్చిపోయే పోటుకి పనికొస్తుంది. న్యూట్రల్ తెగితే ఎవరో వచ్చి బాగుచేసేదాకా ఆ హై వోల్టేజీ అలాగే ఉంటుంది, అరగంట కావచ్చు, రాత్రంతా కావచ్చు. రెండూ వేరు. మీ అపార్ట్‌మెంట్‌కి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండి ఉంటుంది, పల్లెలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని ఇళ్ళు ఉంటాయో ఒకసారి చూడండి.

శ్రీకాంత్:
మూర్తి గారు చెప్పింది మా ఊరికి సరిగ్గా సరిపోతుంది. గాలి వీస్తే చాలు, లైట్లు ఒక్కసారి ధగధగా వెలిగి ఆరిపోతాయి. స్టెబిలైజర్ కూడా లిస్టులో వేసుకుంటాను.

జ్యోతి:
ఊరా? మీరు హైదరాబాద్ అనుకున్నానే, ప్రొఫైల్‌లో అలాగే ఉంది.

శ్రీకాంత్:
నేను ఉండేది హైదరాబాదే అండి. టీవీ అమ్మానాన్నలకి. రేపల్లె దగ్గర పల్లెటూరు మాది. నాన్నకి పోయిన నెలలో కంటి శుక్లాల ఆపరేషన్ అయింది, 32 అంగుళాల పాత టీవీలో క్రికెట్ స్కోరు కనపడటం లేదంటున్నారు. గోడకి అవతలి చివర మంచం మీద కూర్చుని చూస్తారు, పది అడుగులు ఉంటుంది. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నుంచి సీరియల్ చూస్తుంది. కేబుల్ కనెక్షన్. వైఫై లేదు. అందుకే పెద్దది, 4కే తీసుకుంటే క్లియర్‌గా ఉంటుందని.

రఘు:
ఇది మొదటే కావలసింది. కేబుల్ బాక్సు నుంచి టీవీకి వెళ్ళే వైరు ఏది? పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులా? బొమ్మా శబ్దమూ ఒకే వైరులో పంపే హెచ్‌డీఎంఐనా?

శ్రీకాంత్:
అదేదో పాత బాక్సే అండి, ఎన్నేళ్ళ నుంచో ఉంది. వైరు ఏదో అమ్మని అడగాలి. అయినా టీవీ 4కే అయితే బాక్సుతో పనేముంది?

రఘు:
ఉంది, అసలు పనంతా అక్కడే ఉంది. మామూలు కేబుల్ ఛానెల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, అంటే అంతా కలిపి 4 లక్షల పైచిలుకు. 4కే తెర మీద 3840 బై 2160, దాదాపు 83 లక్షలు. బాక్సు పంపిన ఒక్కో చుక్కకి 20 చుక్కలు టీవీ తనే ఊహించి పూడ్చాలి. అది ఎంత ఖరీదైన టీవీ అయినా లేని వివరం పుట్టించలేదు. 32 అంగుళాల మీద దాగిన మసక 55 మీద పెద్దదై కనిపిస్తుంది. షాపులో తళతళలాడేది పెన్‌డ్రైవ్‌లో వాళ్ళు పెట్టుకున్న 4కే వీడియో, పైగా వెలుగు పూర్తిగా పెంచిన షాపు మోడ్.

కాబట్టి ముందు కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి హెచ్‌డీ బాక్సు, హెచ్‌డీ ఛానెళ్ళు ఉన్నాయా అడగండి. స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ, జెమినీ నాలుగూ హెచ్‌డీలో ఉన్నాయి, క్రికెట్ ఛానెళ్ళు కూడా ఉన్నాయి. లేదంటే డిష్ పెట్టించండి. బాక్సు మార్చాక రిమోట్‌తో దాని సెట్టింగుల్లోకి వెళ్ళి అవుట్‌పుట్ 1080 ఉందో లేదో చూడండి, చాలాచోట్ల బిగించినవాళ్ళు 576 లోనే వదిలేసి పోతారు. హెచ్‌డీ బాక్సు పెట్టుకుని పసుపు పిన్ను గుచ్చిన ఇళ్ళు కూడా నేను చూశాను, దానివల్ల నయాపైసా ప్రయోజనం లేదు.

సాయికిరణ్:
రఘు గారు 4కే అంటే 3840 అంటున్నారు, అది అల్ట్రా హెచ్‌డీ. అసలు 4కే 4096 బై 2160.

రఘు:
4096 సినిమా థియేటర్లది. టీవీల మీద 4కే అన్నా, అల్ట్రా హెచ్‌డీ అన్నా 3840 యే. ఆయనకి ఇప్పుడు దాంతో పని లేదు.

సాయికిరణ్:
పని లేకపోయినా తప్పు తప్పే కదండీ.

లక్ష్మీప్రసన్న:
ఆ గొడవ పక్కన పెట్టండి. కంటి ఆపరేషన్ అయిన పెద్దాయన పది అడుగుల నుంచి చూస్తారు, వైఫై లేదు, కాబట్టి స్మార్ట్ టీవీ ర్యామ్ ఎంత, ఏ ఓటీటీ వస్తుంది అన్న సగం రివ్యూలు మీకు అక్కర్లేదు. మా అత్తగారికి స్మార్ట్ టీవీ ఇస్తే ఆన్ చేయగానే యాప్‌ల పేజీ వచ్చి, కేబుల్ ఎక్కడుందో తెలియక రోజూ పక్కింటి పిల్లాణ్ణి పిలిచేవారు. ఆన్ చేయగానే నేరుగా హెచ్‌డీఎంఐలోకి వెళ్ళే సెట్టింగ్ ఉందో లేదో షాపులోనే అడగండి.

జ్యోతి:
అయితే 43 చాలు కదా? అదే డబ్బుకి పేరున్న కంపెనీది వస్తుంది.

రఘు:
అక్కడ నేను ఒప్పుకోను. పది అడుగుల దూరంలో 4కేకీ ఫుల్ హెచ్‌డీకీ (అంటే 1080) తేడా మామూలు కంటికి అందదు, 55 అంగుళాల మీద కూడా ఏడడుగుల లోపలికి వస్తే గానీ కనిపించదు. కానీ ఆయన ఇబ్బంది చుక్కలు కాదు, అక్షరం సైజు. ఇప్పుడు 32 మీద స్కోరు అంకె ఒక సెంటీమీటరు ఎత్తు ఉందనుకోండి, 43 మీద 1.3 అవుతుంది, 55 మీద 1.7 అవుతుంది. ఆపరేషన్ అయిన కంటికి అది చాలా తేడా. హెచ్‌డీ బాక్సు దొరికితే 55, కనీసం 50. దొరకకపోతే 43 దాటొద్దు.

మూర్తి:
మంచం ఆరడుగులకి జరిపితే 43 కూడా సరిపోతుంది. ఖర్చు లేని పని.

శ్రీకాంత్:
మంచం జరిపితే దారికి అడ్డం వస్తుందండి, నాన్న ఒప్పుకోరు.

సాయికిరణ్:
అమ్మగారు గుమ్మం దగ్గర నుంచి ఏటవాలుగా చూస్తారంటున్నారు కాబట్టి వీఏ వద్దు, ఐపీఎస్ తీసుకోండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. షాపుకి వెళ్తే టీవీకి ఎదురుగా కాకుండా పక్కకి నాలుగడుగులు జరిగి మనుషుల ముఖాలు పాలిపోతున్నాయేమో చూడండి. వాళ్ళ డెమో ఆపించి మామూలు తెలుగు ఛానెల్ పెట్టమనండి.

మూర్తి:
ఇంకొకటి. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకితే సరిపోదు, కేబుల్ వైరు కూడా బాక్సు నుంచి పీకాలి. పిడుగు ఆ వైరులోంచి బాక్సుకీ, బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకీ పాకుతుంది. పాతది పోతే పోయిందనుకోవచ్చు, 35 వేలది పోతే ఎలా? అమ్మగారికి చేతికందే చోట ఉండేలా పెట్టించండి.

లక్ష్మీప్రసన్న:
ఆఫర్ రేపటితో అయిపోతుందని కంగారుపడకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, దాంతోనే ధర దాదాపు 8 శాతం దిగాలి. పాత ఎంఆర్‌పీ మీద అడ్డగీత కొట్టి అదంతా తమ డిస్కౌంటు అన్నట్టు చూపిస్తారు. ఈ ఆఫర్ పోతే పండక్కి ఇంకొకటి వస్తుంది.

శ్రీకాంత్:
అమ్మకి ఫోన్ చేశాను. పసుపు, ఎరుపు, తెలుపేనట. కేబుల్ అబ్బాయి హెచ్‌డీ బాక్సు ఉందన్నాడు గానీ రేటు రేపు చెబుతానన్నాడు. ఈ రాత్రి ఆర్డర్ పెట్టడం లేదు. అందరికీ థాంక్స్ అండి.

రఘు:
బాక్సు వచ్చాక పాత టీవీకే తగిలించి చూడండి, ఆ 32కి హెచ్‌డీఎంఐ ఉంటే. బొమ్మ తేలిందో లేదో మీ నాన్నగారే చెబుతారు. సైజు తర్వాత.

మూర్తి:
ఎర్తింగ్ చూపించడం మరచిపోకండి.

జ్యోతి:
నాదొక చిన్న సందేహం, ఇక్కడే అడుగుతున్నాను. ఐపీఎస్ అని టీవీ పెట్టె మీద ఎక్కడ రాసి ఉంటుందండీ? నేను చూసిన వాటిలో దేనిమీదా కనపడలేదు.