పొద్దుగాల మెషీన్ ఆన్ చేస్తే విండోసే రావాలె, బూట్ మెనూల ఎట్ల మార్చాలె?

దేవరకొండ డీటీపీ:
అన్నలందరికి నమస్తే. దేవరకొండల మాది జిరాక్స్, డీటీపీ షాపు. ఒక్క కంప్యూటర్లనే విండోస్, ఉబుంటు రెండూ ఉన్నయి. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీ మ్యాటర్లు పేజ్‌మేకర్ల అను ఫాంట్స్‌తోటి చేస్తం, అది విండోస్‌ల. దరఖాస్తులు, నెట్ పనులు ఉబుంటుల. పొద్దుగాల షాపు తెరిచేది మా నాయిన. బటన్ ఒత్తి, బయట ఊడ్చి వచ్చేలోపట ఏది కావాలో అడిగే బూట్ మెనూ పది సెకండ్లు దాటి ఉబుంటు వచ్చేస్తది. మళ్ల రీస్టార్ట్ చెయ్యాలె. ఈ వయసుల ఆయనను ఆ మెనూ ముంగట నిలబెట్టుడు నాకు మనసొప్పుతలేదు. విండోస్ దానంతటదే రావాలె, నేను కూసున్నప్పుడు ఉబుంటు ఎంచుకునే టైం గూడ ఉండాలె. ఆ మెనూను నడిపే ప్రోగ్రాం గ్రబ్ అట, ఒక వీడియోల గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ ఫైలు తెరిచి మార్చుమన్నరు. చెయ్యొచ్చా? ఇంకోటి, ఉబుంటు వాడినంక విండోస్‌ల గడియారం ఐదున్నర గంటలు వెనకకు పోతది. బిల్లుల మీద టైం తప్పు పడుతున్నది.

పాలమూరు ల్యాబ్:
తమ్మీ, ఆ సీఎఫ్‌జీ ఫైలు ముట్టకు. ఉబుంటుకు కొత్త కెర్నెల్ (దాని మూల భాగం) వచ్చినప్పుడల్లా సిస్టమే దాన్ని మళ్ల రాస్తది, నువ్వు మార్చింది పోతది. మార్చాల్సింది ఈటీసీ ఫోల్డర్ల, డిఫాల్ట్ లోపల ఉన్న గ్రబ్ అనే ఫైలు. ముందుగాల దానికి ఒక కాపీ తీసిపెట్టుకో. నేను తెలుగుల రాస్తున్న గని, నువ్వు అన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలె.

అందుల గ్రబ్ అండర్‌స్కోర్ డిఫాల్ట్ అని ఒక లైను, దాని ముంగట సున్నా ఉంటది. సున్నా అంటే మెనూల మొదటిది. లెక్క సున్నా నుంచి మొదలైతది కాబట్టి విండోస్ మూడోదైతే 2 పెట్టాలె. కని నా మాట విని అంకె పెట్టకు. రేపు మెనూల ఒక లైను ఎక్కువైతే అంకె జరిగిపోతది, నాయిన మళ్ల ఇబ్బంది పడతడు. అంకె బదులు మెనూల కనపడే విండోస్ పేరు బ్రాకెట్లతో సహా, ఒక్క అక్షరం తేడా లేకుండ, కొటేషన్ గుర్తుల నడుమ పెట్టు.

'సేవ్డ్' అని పెట్టే పద్ధతి గూడ ఉన్నది. గ్రబ్ సేవ్ డిఫాల్ట్‌ను ట్రూ చేస్తే పోయినసారి ఎంచుకున్నదే మళ్ల వస్తది. ఒక్కరే వాడే మెషీన్‌కు మంచిదే. మీ కాడ మాత్రం వద్దు: రాత్రి నువ్వు ఉబుంటు వాడి బంద్ చేస్తే, పొద్దుగాల నాయినకు ఉబుంటే వస్తది.

గ్రబ్ టైమౌట్ 10 ఉంచు, టైమౌట్ స్టైల్ 'మెనూ' చెయ్యి. సేవ్ చేసి, కమాండ్లు కొట్టే టెర్మినల్‌ల సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్ కొట్టు. ఇది కొట్టందే ఏదీ మారదు.

గడియారం సంగతి: విండోస్ మదర్‌బోర్డు గడియారాన్ని మన టైం అనుకుంటది, ఉబుంటు యూటీసీ (మన టైం కన్న ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ టైం) అనుకుంటది. ఉబుంటుల సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ హైఫన్ లోకల్ హైఫన్ ఆర్‌టీసీ, జాగ ఇడిసి 1 కొట్టు. అది హెచ్చరిక చూపిస్తది. ఎండకాలం, చలికాలం గడియారం మార్చే దేశాలకు అది ముఖ్యం, మనకు ఆ బాధ లేదు.

మిర్యాలగూడ మిల్లు:
ల్యాబ్ అన్న చెప్పింది కరెక్ట్. అప్‌డేట్ గ్రబ్ కొట్టినప్పుడు విండోస్ దొరికినట్టు ఒక లైను రావాలె. రాకపోతే భయపడకు. 2021ల వచ్చిన గ్రబ్ 2.06 నుంచి విండోస్ లాంటి వేరే ఓఎస్‌లను వెతుకుడు మామూలుగ ఆపేసిండ్రు. అదే ఫైలుల గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ అనే లైనుకు ఫాల్స్ పెట్టి, ముంగట హ్యాష్ గుర్తు ఉంటే తీసెయ్యి.

ఉబుంటు లేస్తుంటే నడిమిట్ల కరెంటు పోయిందనుకో, మళ్లసారి మెనూ 30 సెకండ్లు ఆగుతది. అది రికార్డ్ ఫెయిల్, అంటే పోయినసారి సరిగ లేవలేదని గ్రబ్ గుర్తు పెట్టుకునుడు, చెడిపోయినట్టు కాదు. గ్రబ్ రికార్డ్‌ఫెయిల్ టైమౌట్ అని లైను చేర్చి 10 పెడితే సరి.

దేవరకొండ డీటీపీ:
అన్నా, రెండు పనులూ అయినయి. పేరు పెట్టిన, విండోస్ దానంతటదే వస్తున్నది, టైం గూడ సరిపోయింది. ఒక్కటే మిగిలింది. ఉబుంటుల డీ డ్రైవ్ తెరిస్తే చదువుడు వరకే ఐతది, పత్రికల ఫైళ్లు సేవ్ ఐతలేవు.

పాలమూరు ల్యాబ్:
అది విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ అన్నా సగం నిద్రలనే ఉంటది, డ్రైవ్‌ను పూర్తిగ వదలదు. కంట్రోల్ ప్యానెల్‌ల పవర్ ఆప్షన్స్‌కు పోయి ఆ టిక్ తీసెయ్యి, విండోస్‌ను ఒక్కసారి షట్‌డౌన్ చేసి ఉబుంటులకు రా. అది తీసేదాంక ఉబుంటు నుంచి బలవంతంగ రాయబోకు. ఒకరి పెండ్లి పత్రిక ఫైలు పోతే మళ్ల టైపు చేసుడు మామూలు పని కాదు.