పాఠాన్ని పాటల నాటికగా వేయించిన టీచర్లు ఉన్నారా? మీ అనుభవాలు చెప్పండి

కోనసీమ_సైన్స్
అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కిందటి ఏడాది ఏడో తరగతి పిల్లలతో జీర్ణవ్యవస్థ పాఠాన్ని పన్నెండు నిమిషాల పాటల నాటికగా చేయించాను. ఒక ముద్ద అన్నం నోట్లో పడిన దగ్గర్నుంచి దాని ప్రయాణమే కథ. పాటలు నేనూ పిల్లలూ కలిసి రాసుకున్నాం. వార్షికోత్సవంలో వేస్తే తల్లిదండ్రులు ఒకటే చప్పట్లు.

తర్వాత యూనిట్ పరీక్ష పెట్టాను. "పైత్యరసాన్ని ఏ అవయవం తయారు చేస్తుంది?" అన్న ప్రశ్నకు నలభై రెండు మందిలో ముప్పై మందికి పైగా "పిత్తాశయం" అని రాశారు. తయారు చేసేది కాలేయం కదా, పిత్తాశయం నిల్వ మాత్రమే చేస్తుంది. ఇంతమంది ఒకే తప్పు ఎందుకు రాశారా అని మా పాట తీసి చూశాను. ప్రాస కుదురుతుందని "పిత్తాశయం పుట్టించే పైత్యరసం" అని నేనే రాశాను. పిల్లలు పాటను నమ్మారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ ఏడాది మళ్లీ చేయాలని ఉంది, కానీ ఈసారి సరిగ్గా చేయాలి. పాటకు పాఠం లొంగిపోకుండా మీరెలా చూసుకుంటున్నారు? నలభై మంది ఉన్న క్లాసులో తొమ్మిది పాత్రలే ఉంటే మిగతావాళ్లకు ఏం పని ఇస్తున్నారు?

పాలమూరు_పంతులు
మేడం, బాధపడకండి. పాట ఎంత లోతుగా దిగిందో ఆ పేపర్లే చెబుతున్నాయి. అదే చోట సరైన మాట ఉంటే అది కూడా అంతే గట్టిగా నిలిచేది. నేను పాటించే పద్ధతి ఒకటుంది. పాట రాసేముందు పాఠంలోంచి "ఏది, ఎక్కడ, ఎందుకు" అని పది వాక్యాలు మామూలు మాటల్లో రాసి పెట్టుకుంటాను. పాట పూర్తయ్యాక ఒక్కో చరణాన్ని వాటితో సరిచూస్తాను. ప్రాస కోసం మాట మారిందంటే ఆ ప్రాసను కొట్టేస్తాను. పల్లె పాటకు అంత్యప్రాస లేకపోయినా లయ ఉంటే చాలు.

ఇక మా దగ్గరి అనుభవం. మాకు బతుకమ్మ ఉంది కాబట్టి కొత్త బాణీ వెతుక్కోవాల్సిన అవసరమే రాలేదు. పండగకు వారం ముందు ఆరో తరగతికి పువ్వు భాగాలు చెబుతాను. ఒకరు ప్రశ్న పాడతారు, చుట్టూ తిరిగేవాళ్లంతా జవాబు పాడతారు:

తంగేడు పువ్వుకు ఉయ్యాలో
రేకులెన్నమ్మా ఉయ్యాలో
ఐదమ్మ ఐదు ఉయ్యాలో
పసుపు రేకులే ఉయ్యాలో
కేసరాలెన్ని ఉయ్యాలో
లెక్కపెట్టి చెప్పు ఉయ్యాలో

ఇక్కడ పాట ఆగిపోతుంది. ప్రతి పిల్ల చేతిలో ఒక తంగేడు పువ్వు ఉంటుంది. నిజంగా విప్పి లెక్కపెట్టాలి. పది వస్తాయి, అందులో పైనున్న మూడు చిన్నగా, గిడసబారినట్టు ఉంటాయి. ఆ మూడింటినీ నేను చెప్పలేదు, ఒక పిల్ల చూసి పట్టుకుంది. తర్వాతి చరణం ఆమే కట్టింది. ఆ తర్వాత గునుగు చేతికిస్తాను. ఇది ఒక పువ్వా, చాలా పువ్వులా అని అడిగితే మొదట అందరూ "ఒకటే" అంటారు. కంకిని దులిపి భూతద్దం కింద పెడితే ఆశ్చర్యపోతారు. బంతిపువ్వు కూడా అలాంటిదే అన్నప్పుడు ఒకడు ఇంటికెళ్లి మూడు బంతిపూలు పీకి తెచ్చాడు.

స్టేజీ మీద ఇది ఏడెనిమిది నిమిషాలకు మించదు. కానీ పాట మధ్యలో ఆగి చూడటం అన్నది ఉంది చూడండి, పాఠం అక్కడే జరుగుతుంది.

లెక్కల_సార్_నల్గొండ
నాది కాస్త వేరే మాట, తప్పుగా అనుకోవద్దు. మూడు వారాల రిహార్సల్ అంటే ఎన్ని పీరియడ్లు పోతాయి? సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? మా దగ్గర వార్షికోత్సవం పేరుతో నెల రోజులు క్లాసులే జరగవు. పిల్లలు పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి పెదవులు కదుపుతారు. డ్రెస్సు అద్దె ఒక్కొక్కరికీ ఆరువందలు. కూలి పనికెళ్లే తల్లి ఆ డబ్బు కట్టలేక పిల్లను బడికే పంపలేదు. అది కళ్లారా చూశాక నాకు స్టేజీ అంటేనే మనసు విరిగింది.

కోనసీమ_సైన్స్
సార్, మీరన్నది అక్షరాలా నిజం. పిల్ల బడి మానేసే పరిస్థితి తెచ్చిన నాటకం ఏం నాటకం. మేం మాత్రం డ్రెస్సులు పెట్టలేదు. యూనిఫాం మీదే అట్టముక్కకు దారం కట్టి మెడలో వేశాం. "కాలేయం", "జీర్ణాశయం" అని రాసి ఉంటుంది, అంతే. ఖర్చు రెండు చార్టులు, ఒక స్కెచ్ పెన్నుల పెట్టె. రిహార్సల్ అంతా ఆటల పీరియడ్‌లోనూ, శనివారం ఆఖరి గంటలోనూ. పాఠం చెప్పే పీరియడ్‌లోనే పాట కట్టాం కాబట్టి సిలబస్ కూడా వెనకపడలేదు.

చీరాల_సోషల్
నేను సోషల్ టీచర్ని. మా ఊరి కథే మా పాఠం. 1921లో చీరాల, పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులు కట్టలేమని ఊరు ఖాళీ చేసి, హద్దుల అవతల రామనగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు నడిపించిన ఉద్యమం అది. పుస్తకంలో నాలుగు లైన్లు. మేం దాన్ని బుర్రకథగా కట్టాం.

బుర్రకథ పాఠానికి ఎంత బాగా సరిపోతుందో చేశాకే తెలిసింది. మధ్యలో కథకుడు తంబుర పట్టుకుని కథ నడుపుతాడు. రెండు పక్కలా గుమ్మెటలతో వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. హాస్యం చెప్పేవాడు అడ్డం వచ్చి "అదేంటన్నా, ఊరు వదిలేస్తే పన్ను పడదా?" అంటాడు. క్లాసులో చేయెత్తడానికి భయపడే పిల్లాడి మనసులో ఉన్న ప్రశ్న సరిగ్గా అదే. రాజకీయం చెప్పేవాడు "ఇవాళ మన పంచాయతీ ఇంటిపన్ను దేనికి ఖర్చవుతోంది?" అని ఇప్పటి సంగతిలోకి తెస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసం మా పిల్లలు నిజంగానే పంచాయతీ ఆఫీసుకు వెళ్లి అడిగి వచ్చారు. షేక్ నాజర్ గారు బుర్రకథతో ఊళ్లను కదిలించారని వినడమే గానీ, ఆ మూడు పాత్రల అమరికలో ఉన్న బలం తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించాకే నాకు అర్థమైంది.

పాత్రలు చాలవు అన్నారు కదా మేడం. "తందాన తాన" అనేది క్లాసంతా. ముగ్గురే స్టేజీ మీద, మిగతా ముప్పై ఏడు మందీ కింద కూర్చుని వంత పాడారు. ముగ్గుర్నీ కూడా ఘట్టానికొకసారి మార్చాం. తంబుర లేదు, చీపురుపుల్లలూ అట్టా డబ్బాతో చేశాం. గుమ్మెటకు బదులు కంజీర.

మాది కూడా మీ పిత్తాశయం లాంటి తప్పే ఒకటి ఉంది. ఊపులో తుపాకులు, లాఠీఛార్జి పెట్టేశాం. చూసిన ఒక పెద్దాయన "ఇది ఎక్కడ చదివారమ్మా?" అని మెల్లగా అడిగారు. ఎక్కడా చదవలేదు. తీసేశాం. అవి లేకపోయినా కథ ఏమాత్రం తగ్గలేదు. పిల్లల్ని చంకనేసుకుని గిన్నెలూ బొచ్చెలూ మోసుకుంటూ వాకిలి తాళం వేసే ఇల్లాలు స్టేజీ మీద నడిచి వెళ్తుంటే, ముందు వరుసలో ఉన్న మా స్వీపరమ్మ కళ్లు తుడుచుకుంది.

డల్లాస్_అమ్మ
ఇక్కడ అమెరికాలో వారాంతపు తెలుగు క్లాసు నడుపుతాం. ఇక్కడి బడుల్లో స్కూల్ మ్యూజికల్ అన్నది మామూలు, కాబట్టి పిల్లలకు స్టేజీ భయం లేదు. భయమంతా క్రియాపదాలతోనే. "కాకి వచ్చాడు", "పావురాలు వచ్చింది" అంటారు. దిద్దితే నోరు మూసుకుంటారు. అందుకే పంచతంత్రంలో చిత్రగ్రీవుడి కథ తీసుకున్నాం. వేటగాడు వచ్చాడు, ఎలుక వచ్చింది, పావురాలు ఎగిరాయి. ప్రతి పాత్రా అడుగుపెట్టినప్పుడు అందరూ ఆ మాటే పాడాలి. పాత బ్యాడ్మింటన్ నెట్‌ను వలగా చేసి పదిమంది ఎత్తుకుని పరిగెత్తారు. రెండు నెలల తర్వాత కారులో మా అబ్బాయి కిటికీలోంచి చూసి "అమ్మా, బాతులు దిగాయి" అన్నాడు. ఎవరూ దిద్దకుండానే.

తెలుగు_పండిట్_కడప
ఛందస్సు చెప్పేవాళ్లకు ఒక మాట. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా పట్టుబడదు. నేను పిల్లల్ని వరసగా నిలబెడతాను. లఘువు అయినవాడు ఒక చిటిక వేస్తాడు. గురువు అయినవాడు రెండు చిటికెల కాలం స్వరం సాగదీస్తాడు. "యమాతారాజభానసలగం" ఎనిమిది గణాలూ ఎనిమిది బృందాలుగా వచ్చి పరిచయం చేసుకుంటాయి. ఉత్పలమాల అనగానే భ, ర, న, భ, భ, ర, వ బృందాలు పరుగెత్తి వరసలో నిలబడాలి. "వ" అంటే ఏం చేయాలో తెలియక మొదటిసారి అందరూ నిలబడిపోయారు. ఒక లఘువూ ఒక గురువూ పక్కపక్కన నిలబడితే వగణం అని వాళ్లే తేల్చుకున్నారు.

పాలమూరు_పంతులు
పండిట్ గారూ, బాగుంది. దాన్నే మా లెక్కల మేడం కోలాటంలో వాడారు. ఎనిమిదో తరగతి సౌరకుటుంబం పాఠానికి గ్రౌండులో సున్నంతో వలయాలు గీశాం. మధ్యలో సూర్యుడు. బుధుడు 88 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతాడు, భూమి 365 రోజుల్లో. అంటే భూమి ఒక్క చుట్టు తిరిగేలోపు బుధుడు నాలుగు చుట్లు పూర్తి చేయాలి. అంగారకుడికి 687 రోజులు, కాబట్టి భూమి రెండు చుట్లు తిరిగేసరికి అంగారకుడు ఒక చుట్టు దాటి కొంచెం ముందుకు వెళ్తాడు. ఈ అడుగుల లెక్క పిల్లలే వేశారు. వలయానికి ఎన్ని అడుగులు, కోలుదెబ్బకు ఎన్ని అడుగులు, భాగహారం, నిష్పత్తి, అన్నీ నేల మీదే. లెక్క తప్పితే కోలు గాల్లో ఆగిపోతుంది, తప్పు ఎవరిదో వెంటనే తెలిసిపోతుంది. బుధుడు వేసిన పిల్లాడు ఆయాసపడుతూ "సార్, శని వేషం ఇవ్వండి, ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లు పడుతుంది, హాయిగా నడుస్తా" అన్నాడు.

లెక్కల_సార్_నల్గొండ
ఈ నిష్పత్తి సంగతి నాకు నచ్చింది. అడుగుల లెక్క ఉంటే పంపండి, మా పిల్లలతో చేస్తాను. గ్రౌండులోనే, డ్రెస్సులు లేకుండా.

కాకినాడ_కొత్తటీచర్
ఒక సందేహం అండి. సినిమా పాట బాణీకి పాఠం మాటలు పెట్టి పాడించవచ్చా? వీడియో యూట్యూబ్‌లో పెట్టమని మేనేజ్‌మెంట్ అంటోంది.

చీరాల_సోషల్
బడిలో పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రుల ముందు బడి కార్యక్రమంగా ప్రదర్శించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. ఇంటర్నెట్‌లో పెట్టడం దాని కిందికి రాదు. యూట్యూబ్ వాళ్లు బాణీని గుర్తుపట్టి వీడియో ఆపేయవచ్చు కూడా. అదీగాక సినిమా బాణీ పెడితే పిల్లల నోటికి పాత మాటలే వస్తాయి, మన మాటలు జారిపోతాయి. సువ్వి పాటో, గొబ్బి పాటో, ఏల పాటో తీసుకోండి. మీ ఊళ్లో పాడే పెద్దామెను ఒక రోజు బడికి పిలవండి. మా ఊళ్లో ఒకావిడ వచ్చి పొద్దున్నుంచి మధ్యాహ్న భోజనం దాకా పాడారు.

కోనసీమ_సైన్స్
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇవన్నీ చదివి నాటికను మళ్లీ కట్టుకుంటున్నాను. చిన్నప్రేగు సుమారు ఆరు మీటర్లు ఉంటుంది. జాకెట్టు ముక్కతో కలిపి మన చీర కూడా ఆరు మీటర్ల పైచిలుకే. అందుకని ఒక పాత చీరను పొడవునా గొట్టంలా కుట్టించాను. పాత్రలు దొరకని పద్నాలుగు మంది దాన్ని బారుగా పట్టుకుంటారు. లోపల ఒక టెన్నిస్ బంతి. బంతి వెనకున్నవాళ్లు పిడికిలి బిగించాలి, ముందున్నవాళ్లు వదులు చేయాలి. నిన్న ప్రయత్నించాం. మొదటిసారి అందరూ ఒకేసారి బిగించేశారు, బంతి మధ్యలో ఇరుక్కుంది. "అందుకేనా టీచర్ కడుపునొప్పి వచ్చేది?" అని ఒక పాప అడిగింది. పెరిస్టాలిసిస్ అన్న మాట బోర్డు మీద రాయకముందే అది ఏమిటో వాళ్ల చేతులకు తెలిసింది.

పైత్యరసం దగ్గర పాట మార్చేశాం. కాలేయం వేసే అమ్మాయి పసుపు నీళ్లు కలిపి చెంబులో పోస్తుంది. ఆ చెంబును పిత్తాశయం వేసే పిల్లాడికి అందిస్తుంది. వాడు దాన్ని ఒడిలో పెట్టుకుని, కొవ్వు ఉన్న ముద్ద చిన్నప్రేగులోకి వచ్చేదాకా కాపలా కాస్తాడు. చరణం ఇదీ:

కాలేయమమ్మ వండె పైత్యరసమూ, తందాన
పిత్తాశయమయ్య దాచె పదిలముగానూ, తందాన

పాలమూరు సార్ చెప్పినట్టు పది వాక్యాలు ముందే రాసి, పాటను వాటితో సరిచూశాను. ఇంకొక్కటి అడగాలి. ఆంత్రచూషకాలను ఎలా చూపించాలో తోచడం లేదు. లక్షల్లో ఉంటాయి, వేళ్లలా ఉంటాయి, పోషకాలను పీల్చుకుంటాయి. ఎవరికైనా ఆలోచన ఉందా?

తెలుగు_పండిట్_కడప
చీర లోపలి వైపు టర్కీ టవల్ ముక్క కుట్టండి మేడం. టవల్ మీద లేచి ఉండే పోగులే చూషకాలు. రంగునీళ్లలో ఒకసారి మామూలు గుడ్డను, ఇంకోసారి టవల్‌ను ముంచి పిండి, ఏది ఎక్కువ పీల్చిందో రెండు గ్లాసుల్లో కొలిపించండి. పాట ఆ తర్వాత కట్టుకోవచ్చు.

కోనసీమ_సైన్స్
చాలా బాగుందండి. సోమవారం టవల్ తీసుకెళ్తాను. గ్లాసుల్లో ఎంత వచ్చిందో ఇక్కడే రాస్తాను.