రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో పదానికి విభక్తి తగిలితే కోడ్ గుర్తులు చెదిరిపోతున్నాయి

ప్రశ్న (పలాస నుంచి)

నమస్కారం. పలాస-కాశీబుగ్గలోని చిన్న జీడి పరిశ్రమల్లో పిక్కల బస్తాల లెక్కలు రాసుకోవడానికి మేము తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో వాడుక పత్రాలు సిద్ధం చేస్తున్నాము. ఇంతకాలం మార్క్‌డౌన్ అనే సాదా రాత పద్ధతిలో ఉన్న వీటిని, పత్రాల నుంచి పేజీలు తయారుచేసే స్ఫింక్స్ కోసం రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే అలాంటి మరో పద్ధతిలోకి తెచ్చి, కోడ్‌ను చూపే ఒంటి బ్యాక్‌టిక్ (`) గుర్తులన్నిటినీ జంటలుగా మార్చాము. అయినా ఈ వాక్యం చూడండి:

``కొనుగోలు``లో తేదీ వేసి, తరువాత ``బస్తాలు`` అనే గడి నింపండి.

'కొనుగోలు' దగ్గర మొదలైన కోడ్ 'బస్తాలు' దాకా ఆగకుండా సాగి, మధ్యలో ఉన్న మాటలనూ బ్యాక్‌టిక్‌లనూ తనలో కలిపేసుకుంటోంది. గుమస్తాలు ఈ పత్రాన్ని ఫోన్‌లో చూసుకుంటూ పని నేర్చుకుంటారు కనుక, ఏ గడి పేరు ఎక్కడ ముగిసిందో వారికి స్పష్టంగా కనబడాలి. ఇది చాలదన్నట్టు, శీర్షిక అని తెలపడానికి దాని కింద టైపు చేసే గీత చిన్నదైందనే హెచ్చరికలు కూడా పేజీ పేజీకీ వస్తున్నాయి. పరిష్కారం చెప్పగలరా?

జవాబు (బొబ్బిలి నుంచి)

2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్‌లో ముగింపు బ్యాక్‌టిక్ తరువాత ఏ అక్షరం వచ్చినా ఇబ్బంది లేదు. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ మాత్రం ముగింపు గుర్తు వెంటనే ఖాళీ గానీ విరామ చిహ్నం గానీ ఉంటేనే దానిని ముగింపుగా గుర్తిస్తుంది. మీ వాక్యంలో 'లో' ఆనుకుని ఉన్నందున మొదటి ముగింపు లెక్కలోకి రాలేదు. వెంటనే ఖాళీ ఉన్న మరో ముగింపు దొరికేదాకా కోడ్ సాగిపోయింది. మధ్యలో బ్యాక్‌స్లాష్, దాని పక్కన ఒక ఖాళీ పెట్టండి:

``కొనుగోలు``\ లో తేదీ వేసి

తయారైన పేజీలో ఆ రెండూ కనబడవు, 'లో' పదానికి అంటుకునే వస్తుంది.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

అంత శ్రమ ఎందుకండీ? విభక్తికి ముందు మామూలు ఖాళీ వదిలితే సరిపోతుంది కదా. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌ను చదివే డాక్‌యుటిల్స్‌లో ఈ నిబంధనను సడలించే అమరిక కూడా ఉంది. దానిని ఆన్ చేస్తే ఒక్క ఫైలూ ముట్టుకోనక్కరలేదు.

జవాబు (బొబ్బిలి నుంచి)

ఖాళీ వదలడానికి నేను ఒప్పుకోలేనండీ. ఫోన్ తెరమీద వరుస సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే విరిగితే, 'కొనుగోలు' ఒక వరుస చివరనా 'లో' మరో వరుస మొదటా పడతాయి. పరికరానికి ఉన్న పరిమితి కోసం చదివేవారి భాషను విరగ్గొట్టడం న్యాయం కాదు. మీరు చెప్పిన అమరిక నిజమే, పనిచేస్తుంది. కానీ పదాల మధ్య ఖాళీలు వాడని చైనీస్, జపనీస్ వంటి భాషలను దృష్టిలో పెట్టుకుని చేసినది. దానిని ఆన్ చేస్తే వెబ్ చిరునామాల్లోనూ పేర్లలోనూ ఉన్న అండర్‌స్కోర్‌లు, నక్షత్రాలు కూడా గుర్తులుగా చదవబడే ప్రమాదం ఉంది కనుక, వాటన్నిటినీ వెతికి బ్యాక్‌స్లాష్‌తో కాపాడుకోవాలి. పాత పత్రాలు ఎక్కువగా ఉన్నవారికి అది మరింత పని.

జవాబు (రాజాం నుంచి)

వెతికి మార్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 'జంట బ్యాక్‌టిక్‌ల తరువాత తెలుగు అక్షరం' అని మాత్రమే వెతికితే, గడుల పేర్లే తెలుగులో ఉన్నందున ప్రారంభ గుర్తులు కూడా దొరికి అన్నీ చెడిపోతాయి. గుర్తుకు ముందు అక్షరం గానీ అంకె గానీ ఆనుకుని ఉండాలనే షరతు తప్పక చేర్చండి.

శీర్షికల సంగతి వేరు. డాక్‌యుటిల్స్ కంటికి కనబడే అక్షరాలను కాక యూనికోడ్ గుర్తులను లెక్కిస్తుంది. పొల్లును వదిలేసినా గుణింతపు గుర్తులను మాత్రం విడివిడిగా కలుపుతుంది. 'కొత్త బస్తా నమోదు' అనే శీర్షిక ఖాళీలతో కలిపి చూపుకు 9 అక్షరాలే, దాని లెక్కలో 15. గీత పొడవు ఎక్కువైతే తప్పు లేదు కనుక, ప్రతి శీర్షిక కిందా ఒకే పొడవైన గీతను వాడేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కొనుగోలు అధ్యాయంలో రాజాం వారి షరతుతోనే వెతికి బ్యాక్‌స్లాష్‌లు చేర్చాము; 'లో', 'కు', 'నుంచి' అన్నీ పదాలను అంటుకునే వస్తున్నాయి, శీర్షికల హెచ్చరికలూ పోయాయి. మిగిలిన అధ్యాయాలను కూడా ఇదే పద్ధతిలో సరిచేస్తాము.